అమ్మమ్మ చెంబుకు తూకమేనా ధర?

హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని వస్తుంటే ఆరాంఘర్ చౌరస్తా తగులుతుంది. నేరుగా పోతే శంషాబాద్ విమానాశ్రయం. ఎడమకు తిరిగితే కాటేదాన్. మొదటి దారిలో పెద్ద పెద్ద సూట్‌కేసులు కట్టించి పిల్లల్ని అమెరికా సాగనంపే తల్లులు కనిపిస్తారు. రెండో దారిలో పాత ఇనుము, పగిలిన ప్లాస్టిక్ నింపుకుని పారిశ్రామికవాడకు పోయే ట్రాలీ ఆటోలు కనిపిస్తాయి. కాటేదాన్ షెడ్లలో ఆ తుక్కును కరిగించి మళ్లీ కొత్త వస్తువులు పోస్తారు. తప్పేం లేదు. విరిగిన బకెట్‌కు ఇంకో పుట్టుక దొరకడం మంచిదే కదా!

బాధేమిటంటే, మన ఇళ్లలో విరగని, చెడని వస్తువులు కూడా ఈ తుక్కు దారే పడుతున్నాయి. అటక మీది ఇత్తడి గంగాళం, అమ్మమ్మ కంచు గిన్నె, నానమ్మ జరీ చీర, అత్తగారి కాసుల పేరు... ఎప్పుడో ఒకప్పుడు ఒక్కొక్కటీ కాటా ఎక్కుతోంది. ‘కిలో ఎంత?’ ‘గ్రాము ఎంత?’ అన్న రెండు ప్రశ్నలతో దాని జాతకం తేలిపోతోంది. ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఏ కష్టంలో ఎవరిని ఆదుకుంది అన్న ఊసే లేదు.

ఆడవాళ్లు బతికిన బతుక్కు ఇంట్లో మిగిలే సాక్ష్యం చాలాసార్లు ఈ వస్తువులే. పట్టాదారు పాసు పుస్తకంలో తాత పేరుంటుంది. ఇంటి పన్ను రశీదులో నాన్న పేరుంటుంది. మరి అమ్మమ్మ ఎక్కడుంది? ఆవకాయ జాడీలో ఉంది. కుంకుమ భరిణెలో ఉంది. పెట్టె అడుగున మడత పెట్టిన పట్టుచీరలో ఉంది. వాటిని తూకానికి అమ్మేస్తే ఆమె ఆనవాలే పోతుంది.

అలాగని ఇంట్లో ఉన్నవన్నీ దాచుకోమని ఎవరూ అనరు. బాగా చేసినవి, ఇంటి కథ ఉన్నవి నాలుగంటే నాలుగు ఎంచుకోండి. వాటిని వాడండి. వాటి సంగతి పిల్లలకు చెప్పండి. ఎవరికివ్వాలో మీ చేత్తో, మీరుండగానే ఇవ్వండి. ఈ వ్యాసం చెప్పేదంతా ఇంతే.

పేరు ఆయనది... మోత ఆమెది!

మన తెలుగిళ్లలో ఒక మంచి అలవాటుంది. కొత్త గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కిస్తాం. ఇప్పుడంటే కొట్లో మిషను గర్రుమని చెక్కేస్తుంది గానీ, వెనకటి రోజుల్లో ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టేవాళ్లు. పెళ్లి సామాను, సారె సామాను, గృహప్రవేశానికి పెట్టిన సామాను అన్నిటి మీదా పేర్లే. కొన్నిటి మీద ఊరి పేరు, తేదీ కూడా ఉంటాయి. అటక మీది గిన్నెలు దించి పేర్లు చదువుతూ కూర్చుంటే మూడు తరాల చుట్టరికం బయటపడుతుంది. ఏ పెళ్లికి ఎవరొచ్చారు, ఎవరు ఏం పెట్టారు అన్నీ అందులోనే!

మా ఇంట్లో ఒక ఇత్తడి సర్వ ఉంది. మెడ కింద చుక్కల్లో మా తాత పేరు కనిపిస్తుంది. దాంతో నీళ్లు మోసింది నానమ్మ. చింతపండు పెట్టి తోమింది నానమ్మ. సొట్ట పడితే బాగు చేయించింది కూడా ఆవిడే. పేరు మాత్రం తాతది! మీ ఇళ్లలోనూ ఇంచుమించు ఇంతే అయి ఉంటుంది. ఆడపిల్లకు పెట్టే సామాను మీద పుట్టింటి పెద్ద పేరో, అల్లుడి పేరో ఉంటుంది. ఆ సామానుతో బతుకంతా వండి వార్చే మనిషి పేరే ఉండదు. ఈసారి కూతురికో, కోడలికో ఏదైనా కొన్నప్పుడు పేరు చెక్కే కొట్టువాడికి ఆమె పేరే చెప్పండి. ఖర్చేమీ పెరగదు.

స్టీలు ఇళ్లలోకి వచ్చిన రోజుల్లో ఈ పేర్లున్న ఇత్తడి చాలా మటుకు వీధి గుమ్మం దాటిపోయింది. పాత ఇత్తడి ఇచ్చి స్టీలు తీసుకున్నాం. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నాం. ‘జరీ చీరలు కొంటాం’ అంటూ వచ్చేవాడు చీర అందం చూడడు. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. ఆ వెండి కోసమే కొంటాడు. చీరను కాల్చి వెండి తీస్తారు. పెళ్లినాటి చీర చివరికి చిటికెడు వెండి, గుప్పెడు బూడిద!

అయితే ఆ ఆడవాళ్లను తప్పు పట్టగలమా? ఇత్తడి తోమిన చేతులకే తెలుసు ఆ కష్టం. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని పెరట్లో కూర్చుంటే నడుం పడిపోయేది. పులుసు వండాలంటే లోపల కళాయి ఉండాలి. లేకపోతే చిలుము దిగి వంట విషమవుతుంది. నీళ్లు నింపిన ఇత్తడి బిందె చంకనెత్తుకోవడం మాటలా? స్టీలు వచ్చాక చేతులకు తెరిపి దొరికింది. ప్లాస్టిక్ బిందె వచ్చాక మోత తగ్గింది. కాబట్టి పాతదంతా బంగారమనీ, కొత్తదంతా చెత్త అనీ అనడం మనకు తగదు. ఇంటి వారసత్వం పేరుతో ఇంకో తరం ఆడపిల్లల నడుములు విరగ్గొట్టడం అసలే తగదు. అందుకే నాలుగు చాలు అన్నది. ఆ నాలుగూ తోమడం ఇంట్లో అందరి పని అయితే మరీ మంచిది. మగపిల్లలతో సహా!

పనితనం ఉంటేనే పది కాలాలు

ఏ నాలుగు ఎంచుకోవాలి? ఖరీదైనవే అక్కర్లేదు. పనితనం ఉన్నవి ఎంచుకోండి. పనితనం ఉన్న వస్తువును ఎలా గుర్తు పట్టాలంటే, అది చెడితే బాగు చేయవచ్చు. ఇత్తడి గిన్నెకు కన్నం పడితే మాటు వేయించవచ్చు. కళాయి పోతే మళ్లీ పూయించవచ్చు. సొట్ట తీయించవచ్చు. టేకు భోషాణానికి బందు ఊడితే వేరే బందు బిగించవచ్చు. ఈ మధ్య కొంటున్న చాలా సామాను చూడండి. ఒక్క ముక్క విరిగితే మొత్తం పారేయాల్సిందే.

దూరం పోనక్కర్లేదు, మన చుట్టుపక్కలే చూద్దాం. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామ దగ్గర పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును వెనక నుంచి ముందు నుంచి సుత్తితో మెల్లగా కొడుతూ లతలు, దేవతామూర్తులు ఉబ్బెత్తుగా లేపుతారు. గుళ్లలోని వాహనాలకు, తలుపులకు తొడుగులు చేసిన చేతులు అవి. అలాంటి ఒక పళ్లెమో, దీపమో ఇంట్లో ఉంటే మనవరాలి కాలానికి కూడా చెక్కుచెదరదు.

పాతబస్తీ ఇళ్లలో బిద్రీ పాన్‌దాన్‌లు, పూలకుండీలు ఉండేవి. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. దాని మీద గీతలు చెక్కి, ఆ గాడిలో వెండి తీగ కూరుస్తారు. చివర్లో బీదర్ కోట మట్టి, నవాసారం కలిపిన నీళ్లలో ముంచుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. తమాషా ఏమిటంటే ఈ పాన్‌దాన్‌ను తూకానికి వేస్తే ఏమీ రాదు. జింకుకు ఏం విలువ? దాని విలువంతా చేసిన చేతిలోనే ఉంది.

చీరల సంగతి చెప్పాలంటే గద్వాల చీర మంచి ఉదాహరణ. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. వేరు వేరుగా నేసి కలిపే పద్ధతి. నూలు చిరిగినా పట్టు అంచు గట్టిగానే ఉంటుంది. ఆ అంచు విప్పి వేరే గుడ్డకు వేయించుకున్న ఆడవాళ్లు ఎందరో. మనవరాలి పరికిణీ అంచులో అమ్మమ్మ పెళ్లిచీర బతుకుతుంది. చీరను ముక్కలు చేశామని బాధ పడక్కర్లేదు. పెట్టెలో మడతల వెంట పిగిలిపోవడం కన్నా ఇదే నయం.

పట్టుచీర దాచేవాళ్లు రెండు మూడు జాగ్రత్తలు మరవద్దు. ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, చెమ్మ పడుతుంది. తెల్లటి పాత నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనీయకండి, నల్లబడుతుంది. లవంగాలో, ఎండు వేపాకో మూట కట్టి పక్కన పెడితే చాలు. ఏడాదికి రెండు మూడు సార్లు మడత మార్చి నీడన గాలికి ఆరేయండి. అన్నిటికన్నా మంచి జాగ్రత్త... అప్పుడప్పుడూ కట్టుకోవడమే!

చెరిపి చేయిస్తే ఏం మిగులుతుంది?

ఇక నగలు. ‘పాత మోడలమ్మా, ఎవరు వేసుకుంటారు? చెరిపించి కొత్తది చేయిద్దాం’ అన్న మాట వినని ఇల్లుండదు. చెరిపించే ముందు లెక్క చూసుకోండి. పాత నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ ఇచ్చే కొన్నారు. కరిగించగానే అవి పోయినట్టే. రాళ్ల బరువు తీసేస్తారు. లోపలి లక్క బరువు తీసేస్తారు. అతుకుల దగ్గరి మాటు వల్ల మచ్చం కొంచెం తగ్గుతుంది. కొత్త నగకు మళ్లీ తరుగు, మళ్లీ మజూరీ, పైన పన్ను! ఒకే బంగారానికి రెండుసార్లు కూలి ఇచ్చామన్న మాట. ఈ లెక్క కొట్టువాడు చెప్పడు. మనమే అడగాలి.

పాత నగలో చరిత్ర కూడా ఉంటుంది. 1963లో కేంద్ర ప్రభుత్వం బంగారం మీద కట్టడి తెచ్చింది. కొత్తగా చేసే నగలు 14 క్యారెట్లు మించకూడదంది. ఎందరో కంసాలుల పొయ్యిలు ఆరిపోయాయి. ఆ 14 క్యారెట్ల నిబంధన కొన్నాళ్లకే సడలినా, బంగారం కట్టడి చట్టం పూర్తిగా పోయింది 1990లోనే. మీ ఇంట్లో అరవైల నాటి నగ ఉంటే అది ఆ గడ్డు రోజులు చూసింది. ఏ అవుసలాయన ఇంటి వాకిట్లో కూర్చుని, ఎవరి కొలత తీసుకుని చేశాడో... అలాంటి చేతిపని ఇప్పుడు అచ్చుల్లో పోసే నగల్లో వెతికినా దొరకదు.

స్వచ్ఛత మీద అనుమానం ఉంటే కరిగించక్కర్లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించుకోవచ్చు. 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది గానీ, ఆ నిబంధన అమ్మే దుకాణదారుకు. మన దగ్గరున్న పాత నగకు ముద్ర లేనంత మాత్రాన అది చెల్లని సొమ్ము కాదు. ‘ముద్ర లేదు, సగం ధరే’ అని బెదిరిస్తే లేచి వచ్చేయండి.

అయితే ఒక మాట. ఆపదకు ఆదుకోవడమే బంగారం చేసే మేలు. పిల్లాడి ఆస్పత్రి ఖర్చుకు, కూతురి చదువు ఫీజుకు కాసుల పేరు కరిగితే అది నష్టం కాదు. కాటేదాన్ షెడ్లలో రోజుకూలీ చేసుకునే అక్కచెల్లెళ్లకు పట్టగొలుసులు, గుండ్లే బ్యాంకు. కుదువ పెట్టకుండా వాళ్ల ఏడాది గడవదు. ఆ సంగతి తెలియకుండా దాచుకోండని నీతులు చెప్పడం సులువు. అవసరానికి అమ్మిన నగ గురించి ఎవరూ సిగ్గు పడనక్కర్లేదు. ‘ఈ చదువు మీ నానమ్మ దండకడియంతో వచ్చింది బిడ్డా’ అని చెబితే చాలు, ఆ కడియం ఇంకా ఇంట్లో ఉన్నట్టే.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన మాట వినేలా ఒక సభ జరిపించింది పన్నెండేళ్ల దుర్గాబాయి. అక్కడి ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఆ పిల్ల కూడా తన చేతి బంగారు గాజులు తీసి ఇచ్చేసింది. తర్వాత ఆంధ్ర మహిళా సభ నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆమే. ఆ గాజులు ఎప్పుడో కరిగిపోయి ఉంటాయి. వాటి కథ నూరేళ్లు దాటినా కరగలేదు. వస్తువు పోయినా ఫరవాలేదు గానీ, కథ పోకూడదు.

ఇనప్పెట్టెలో ఉంటే సరిపోతుందా?

‘అమ్మకుండా లాకర్లో పెట్టేశాం’ అని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. లాకర్ దొంగల నుంచి కాపాడుతుంది, మరుపు నుంచి కాపాడదు. మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వంశపు నగలను ట్రస్టుల కింద భద్రం చేశాడు. చివరికి 1995లో 173 నగలను భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి రిజర్వు బ్యాంకు ఖజానాకు చేరాయి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో పెడితే జనం బారులు తీరి చూశారు. అందులోని జాకబ్ వజ్రం 184.75 క్యారెట్లు. ఆరో నిజాం దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే, చనిపోయాక ఆయన బూటులో కొడుక్కి దొరికిందనీ, ఆ కొడుకు దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడనీ చెబుతారు. అంత సంపదలో ఎన్ని నగలు ఏ బేగం ఏ రోజు పెట్టుకుందో మనకు తెలియదు. ముత్యాలకు, పచ్చలకు లెక్కలున్నాయి. పెట్టుకున్న ఆడవాళ్ల మాటే లేదు.

మన కాసుల పేరుకైనా ఆ గతి పట్టకుండా చూసుకుందాం. అట్లతద్దికో, బతుకమ్మకో, ఇంట్లో పేరంటానికో బయటికి తీయండి. కూతురి మెడలో, కోడలి మెడలో ఒక పూట వేసి ఫొటో తీయండి. ఆ పూటే ‘ఇది మా అమ్మకు వాళ్ల అత్తగారు పెట్టింది’ అని చెప్పండి.

ఎవరికివ్వాలి?

అసలు గొడవంతా ఇక్కడే. తల్లి పోయిన పదకొండో రోజు లోపే తూకం రాళ్లు బయటికొస్తాయి. ‘అమ్మ నాకిస్తానంది’ అని అక్క. ‘నన్ను చూసుకున్నది కోడలే అని అత్తయ్య అనలేదా?’ అని వదిన. ఆవిడ ఎక్కడా రాయలేదు, అందరి ముందూ చెప్పలేదు. చివరికి నగ ముక్కలై మూడు ఉంగరాలవుతుంది, లేదా అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు ముక్కలవుతాయి.

ముందు ఒక సంగతి గట్టిగా తెలుసుకోండి. పెళ్లికి ముందు, పెళ్లిలో, తర్వాత మీకు కానుకగా వచ్చిన నగ, చీర, గిన్నె మీ స్త్రీధనం. అది పూర్తిగా మీ సొత్తేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. భర్త దగ్గర, అత్తగారి బీరువాలో దాచడానికి ఇచ్చినంత మాత్రాన వాళ్లదైపోదు. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. విడాకులైన కూతురి నగలు అత్తింటివాళ్లు తిరిగివ్వాలని తండ్రి ఫిర్యాదు చేస్తే, ఆ సొత్తు అడిగే హక్కు ఆమెదే గానీ, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రిది కూడా కాదని చెప్పింది. అంటే అత్తిల్లూ కాదు, పుట్టిల్లూ కాదు, ఆమెదే నిర్ణయం.

నిర్ణయం మనదైతే దాన్ని రాసిపెట్టే బాధ్యత కూడా మనదే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొత్తు ముందు కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా వెళ్తుంది. పిల్లలూ భర్తా లేకపోతే, ఆమె సంపాదించుకున్నది సైతం భర్త వారసులకే వెళ్తుంది. కన్నతల్లి ఆ తర్వాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన దానికి మాత్రం వేరే దారి ఉంది. ‘నా కంటె చెల్లెలి కూతురికి’ అని మనసులో అనుకుంటే చట్టానికి వినపడదు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే వీలునామా చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ముస్లిం సోదరీమణులకు వీలునామా మూడో వంతుకే పరిమితం. కాబట్టి బతికుండగా చేతికిచ్చే హిబా మేలు.

కాగితం ఎంత అవసరమైనా, చేత్తో ఇచ్చిన దానికి సాటి లేదు. అందరూ కూర్చున్న రోజున ‘ఇదిగో బిడ్డా, ఇది నీది. నీ తర్వాత ఎవరికివ్వాలో నీ ఇష్టం’ అని ఇచ్చేయండి. కూతురికే ఇవ్వాలని లేదు. ఆవకాయ జాడీ విలువ తెలిసిన కోడలికిస్తే అదే న్యాయం. వంట చేసే కొడుక్కి ఇస్తే ఇంకా ముచ్చట! సమానంగా పంచాలని ఒక హారాన్ని నాలుగు ముక్కలు చేయకండి. ఒకరికి హారం ఇస్తే మిగతావాళ్లకు దాని విలువ డబ్బుగా సర్దవచ్చు. వస్తువు ఒకరి దగ్గరే ఉండి, ఏ ఇంట్లో పెళ్లైనా ఆ పిల్ల మెడలోకి వెళ్లి రావచ్చు. అలా తిరిగే నగ చుట్టరికాన్ని కూడా నిలబెడుతుంది.

శంషాబాద్ దాటే ముందు

ఇప్పుడు చాలా ఇళ్లలో వారసులు సముద్రాల అవతల ఉన్నారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక అక్కడ కన్నీళ్లతో కూతుళ్లను సాగనంపిన తల్లులకు లెక్క లేదు. పెట్టెలో పచ్చళ్లు, పొడులు కుక్కుతాం. వాటితోపాటు ఒక కుంకుమ భరిణె, ఒక చిన్న దీపపు కుంది, ఒక చీర అంచు ముక్క పెట్టి చూడండి. బరువు ఉండదు. రుబ్బురోలు వెళ్లదు, వెళ్లనక్కర్లేదు. అక్కడి ఇంట్లో ఇత్తడి బిందెలో గొడుగులు పెట్టుకున్నారని నొచ్చుకోకండి. వాకిట్లో కళ్లెదురుగా ఉంది, అదే పదివేలు.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. విలువైన నగలు పెట్టుకుని వెళ్లి మళ్లీ తెచ్చుకునేవాళ్లు బయల్దేరేటప్పుడే కస్టమ్స్ వాళ్లకు చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ తప్పదు. ఇక నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, నాణేలు, చేతిపని వస్తువులు 1972 నాటి చట్టం కింద పురావస్తువులు. వాటిని మనంతట మనం దేశం దాటించకూడదు. ముత్తాత కాలం నాటిదని చెప్పుకునే వస్తువు ఏదైనా ఉంటే ముందే పురావస్తు శాఖవారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

బంగారం లేకపోయినా...

‘మాకేం ఉన్నాయమ్మా దాచడానికి?’ అనే చెల్లెళ్లకు ఒక మాట. ప్రతి ఇంట్లోనూ బొంత ఉంటుంది. అమ్మమ్మ చీర, అమ్మ చీర, పెద్దమ్మ చీర పొరలు పొరలుగా పరిచి, మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని సన్నటి కుట్టు వేసింది. ముగ్గురు ఆడవాళ్లు ఒక్క గుడ్డలో ఉన్నారు. దానికి గ్రాముల లెక్క లేదు. పుట్టిన పసిగుడ్డును మొదట పడుకోబెట్టింది దాని మీదే. ఏ బంగారు హారం చేసింది ఆ పని? అమ్మ చేతిరాతతో ఉన్న పచ్చళ్ల కొలతల నోటు పుస్తకం, నాన్నమ్మ వాడిన పోపుల పెట్టె, కత్తిపీట... ఇవీ ఆస్తులే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. టీవీ కట్టేసి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అటక మీది పెట్టె దించండి. నాలుగు వస్తువులు తీయండి. ఎవరిది, ఎప్పటిది, ఎవరు చేశారు, ఎవరికి వెళ్లాలి అని ఒక్కొక్కదానికి నాలుగు లైన్లు రాయండి. చీటీ మడిచి గిన్నెలో వేయండి, చీర మడతలో పెట్టండి. ఫోన్‌లో ఆవిడ గొంతు కూడా రికార్డు చేయండి. అరగంట పని. పెద్దావిడ ఉన్నప్పుడే అయ్యే పని.

రేపు ఆ చీటీ విప్పి చదివే పిల్ల, వస్తువును కాటా దగ్గరికి తీసుకెళ్లే ముందు కనీసం ఒక్కసారి ఆగుతుంది. ఆ ఒక్క ఆగడం చాలు.